షెల్బీ డేటోనా కూపే మొదటి కారు (సీఎస్‌ఎక్స్2287): రేసులు, ఓనర్లు, కోర్టు గొడవ – తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ సీఎస్‌ఎక్స్2287 అంటే ఏంటి?

అది ఒక కారు ఛేజిస్ నంబర్. 1964లో కాలిఫోర్నియాలో కారల్ షెల్బీ కంపెనీ షెల్బీ అమెరికన్ కట్టిన మొట్టమొదటి డేటోనా కూపే ఇదే. ఈ మోడల్ మొత్తం ఆరంటే ఆరే కార్లు తయారయ్యాయి, అందులో పూర్తిగా అమెరికాలో బాడీ కట్టింది ఇదొక్కటే, మిగతా ఐదింటికీ ఇటలీలో మోడెనాలో బాడీ వేయించారు. ఇంజన్ ఫోర్డ్ వాళ్ల 289 క్యూబిక్ ఇంచుల వీ8, అంటే మన లెక్కలో 4.7 లీటర్లు, నాలుగు వెబర్ కార్బురేటర్లు, నాలుగు గేర్లు, దగ్గర దగ్గర 385 హార్స్‌పవర్. ఛేజిస్ మాత్రం ఇంగ్లండ్‌లోని ఏసీ కార్స్ వాళ్లది, ముందూ వెనకా లీఫ్ స్ప్రింగులే, అంటే కింద చూస్తే పాతకాలం బండి, పైన చూస్తే విమానం.

రేసులు ఆడింది, రికార్డులు కొట్టింది, తర్వాత ఒక పాటల ప్రొడ్యూసర్ చేతిలో రోడ్డెక్కింది, తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ఒక గదిలో దుమ్ము తింటూ కూర్చుంది, ఆ తర్వాత కోర్టుకెక్కింది. నన్నడిగితే ఈ కారు కథలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఆ దుమ్ము తిన్న కాలమే, ఎందుకో కింద చెప్తాను.

కోబ్రా అనే కారు అప్పటికే ఉంది కదా, మళ్లీ ఈ కూపే ఎందుకు?

కోబ్రా పైకప్పు లేని రోడ్‌స్టర్. బరువు తక్కువ, పవర్ ఎక్కువ, మలుపులున్న ట్రాకుల మీద దాన్ని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు. కానీ యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో 24 గంటల రేసు జరిగే లే మాన్‌లో, అప్పట్లో మల్సాన్ అనే తిన్నటి రోడ్డు ముక్క దాదాపు 6 కిలోమీటర్లుండేది, మధ్యలో ఇప్పుడున్న షికేన్లు, అంటే స్పీడ్ తగ్గించడానికి పెట్టే వంకర మలుపులు, అప్పుడు లేవు. అక్కడ కోబ్రా గంటకి 160 మైళ్ల దగ్గరికొచ్చేసరికి గాలి గోడలా అడ్డం నిలబడేది, పక్కనుంచి ఫెరారీ 250 జీటీఓ సునాయాసంగా దాటుకుని పోయేది.

ఇంకా పెద్ద ఇంజన్ పెట్టుకోవచ్చుగా అంటారు చాలామంది. లెక్క చూడండి. స్పీడ్ పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన పవర్ స్పీడ్‌కి ఘనంలో పెరుగుతుంది, అంటే 160 నుంచి 190 మైళ్లకి వెళ్లాలంటే అదే బాడీతో పవర్ ఒకటింబావు కాదు, 1.67 రెట్లు కావాలి, 370 హార్స్‌పవర్ ఉన్న కారుకి 600 దాటాలన్నమాట. 1964లో ఆ సైజు ఇంజన్ నుంచి అంత తీసి 24 గంటలు నడిపించడం అయ్యే పని కాదు. అందుకే బాడీ మార్చారు. కూపే వచ్చాక అదే ఇంజన్‌తో 190 మైళ్ల దరిదాపుల్లోకి, అంటే గంటకి 300 కిలోమీటర్లకి వెళ్లింది, పైగా పెట్రోల్ కూడా తక్కువ తాగింది. ఎండ్యూరెన్స్ రేసులో, అంటే గంటల తరబడి నడిచే రేసులో, ఇది మామూలు లాభం కాదు, పెట్రోల్ కోసం ట్రాక్ పక్కన పిట్‌లోకి ఎంత తక్కువసార్లు వస్తే అంత మంచిది.

బాడీ మొత్తం మార్చేస్తే జీటీ క్లాసులో రూల్స్ ఒప్పుకుంటాయా?

ఒప్పుకున్నాయి. జీటీ అంటే రోడ్డు కార్ల నుంచి తయారైన రేసు కార్ల క్లాసు, అందులో ఆడాలంటే 100 కార్లు తయారు చెయ్యాలని రేసుల్ని నడిపే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ రూల్, కానీ ఆల్రెడీ ఓకే అయిన కారు ఛేజిస్ మీద వేరే బాడీ వేసుకోవచ్చని ఒక వెసులుబాటు ఉంది. ఫెరారీ వాళ్లు జీటీఓని పాత 250 జీటీకి కొత్త బాడీ అని చెప్పే తోసేశారు, జీటీఓలు మొత్తం 40 కూడా చెయ్యలేదు. ఆ దారిలోనే షెల్బీ కూడా వెళ్లాడు, అంతే. కోబ్రా రోడ్‌స్టర్లు వందకి పైగానే తయారయ్యాయి కాబట్టి నిజానికి ఫెరారీ కన్నా షెల్బీ లెక్కే కొంచెం శుభ్రంగా ఉంది.

షెల్బీ ఎవరు? ఫెరారీ మీద అంత కసి ఎందుకు?

టెక్సాస్ మనిషి, ఒకప్పుడు కోళ్ల ఫారం నడిపి నష్టపోయాడు, తర్వాత రేసర్ అయ్యాడు, 1959లో రాయ్ సాల్వడోరితో కలిసి ఆస్టన్ మార్టిన్‌లో లే మాన్ గెలిచాడు. గుండె జబ్బు వల్ల 1960లో డ్రైవింగ్ మానేసి కార్లు కట్టడం మొదలుపెట్టాడు. ఫెరారీ మీద కసి అంటే, ఆ రోజుల్లో ఫెరారీని ఓడించాలని లేనివాడు రేసింగ్‌లో ఎవరున్నారు చెప్పండి.

ఈ కారుని డిజైన్ చేసింది షెల్బీయేనా?

కాదు. పీటర్ బ్రాక్. జనరల్ మోటార్స్‌లో ఇరవై ఏళ్లు నిండకముందే డిజైనర్‌గా చేరిన కుర్రాడు, తర్వాత కొర్వెట్ స్టింగ్ రేగా మారిన గీతల్లో అతని చెయ్యి ఉంది. అక్కడ మానేసి షెల్బీ దగ్గర మొదటి జీతగాడిగా చేరాడు.

జీఎంలో ఉన్నప్పుడు బ్రాక్ 1930ల నాటి జర్మన్ ఏరోడైనమిక్స్ పేపర్లు చదివాడు, వునిబాల్డ్ కామ్ అనే ఆయన సిద్ధాంతం. కారు వెనక భాగాన్ని తోకలా సన్నగా పొడుగ్గా సాగదీయక్కర్లేదు, కొంతవరకు వంచి తర్వాత కత్తిరించినట్టు ఆపేస్తే గాలి దాదాపు అలాగే జారిపోతుంది అని. డేటోనా కూపే వెనక నుంచి చూస్తే ఎవరో రంపంతో కోసేసినట్టు ఉంటుంది చూడండి, అదే ఇది.

షాపులో మొదట చాలామందికి ఇది నచ్చలేదు. అనుభవం ఉన్న ఫాబ్రికేటర్లు ఇదేం ఆకారం అన్నారు, బయట నుంచి పిలిపించిన విమానాల నిపుణుడు కూడా చూసి లాభం లేదని తేల్చేశాడు. నమ్మినవాళ్లలో ముఖ్యుడు కెన్ మైల్స్, టెస్ట్ డ్రైవర్. బ్రాక్ ఏం చేశాడంటే మైల్స్‌నే ఉత్త ఛేజిస్ మీద సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ పట్టించి, అతని తల ఎంత ఎత్తులో ఉంది, చూపు ఎటు పోతోంది చూసుకుని దాని చుట్టూ విండ్‌షీల్డ్ వంపు కట్టుకుంటూ వచ్చాడు, అక్కడి నుంచి పైకప్పు, అక్కడి నుంచి వెనక భాగం. ముందు ప్లైవుడ్ అడ్డచట్రాలతో అచ్చు చేశారు, దాన్ని బట్టి లాస్ ఏంజిలిస్‌లో కాలిఫోర్నియా మెటల్ షేపింగ్ వాళ్లు అల్యూమినియం రేకులు వంచి ఇచ్చారు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన మెకానిక్ జాన్ ఓల్సెన్ ఈ పనిలో కుడిభుజం. మూడు నెలల్లో బండి తయారు. కంప్యూటర్ లేదు, విండ్ టన్నెల్ లేదు.

మొదటి టెస్ట్ ఎలా జరిగింది?

1964 ఫిబ్రవరి 1న రివర్‌సైడ్ ట్రాక్ మీద. కారుకి ఇంకా రంగు కూడా వెయ్యలేదు, కెన్ మైల్స్ దాంతో లాప్ రికార్డుని మూడు సెకన్లకి పైగా తగ్గించేశాడు. లాప్ రికార్డు అంటే మామూలుగా సెకనులో పదో వంతుల్లో, వందో వంతుల్లో తగ్గేది, మూడు సెకన్లంటే షాపులో నవ్వినవాళ్లందరూ పనిలో పడ్డారు.

డేటోనా రేసులో ఏం జరిగింది? ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందా?

అవును, మొదటి రేసు అక్కడే కాబట్టి ఆ పేరు అంటుకుపోయింది. టెస్ట్ అయిన రెండు వారాలకే, ఫిబ్రవరి 16న, డేటోనా 2000 కిలోమీటర్ల రేసు. డ్రైవర్లు డేవ్ మెక్‌డోనల్డ్, బాబ్ హోల్‌బర్ట్. నంబర్ 14.

కొత్త బండి కదా ఏదో ఒకటి ఊడుతుందిలే అనుకున్నారు, అది ఫెరారీలన్నిటినీ వెనకేసి లీడ్‌లోకి వెళ్లి లాప్‌ల తేడాతో ముందుండిపోయింది. తర్వాత డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలకి పవర్ పంచే గేర్ల పెట్టె, వేడెక్కడం మొదలైంది. పిట్‌లోకి తెచ్చారు, ఓల్సెన్ డిఫరెన్షియల్ ఏమైందో చూద్దామని కారు వెనక కిందకి దూరాడు, అదే టైములో పైన పెట్రోల్ పోస్తున్నారు, ట్యాంక్ నిండి పొంగింది, కాలిపోతున్న మెటల్ మీద పడింది, ఒక్కసారిగా మంట. ఓల్సెన్ ఒళ్లు కాలింది, బతికి బయటపడ్డాడు. కారు కూడా బతికింది కానీ రేసు అక్కడితో అయిపోయింది.

ఈ కారుని మ్యూజియంలో చూసేవాళ్లు ముందు నుంచి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. కథంతా వెనక ఉంది, ఆ డిఫరెన్షియల్ దగ్గర.

అయితే ఈ కారు ఎప్పుడైనా గెలిచిందా, లేక ఎప్పుడూ ఇలాగేనా?

గెలిచింది, వెంటనే గెలిచింది. మార్చి 21న సీబ్రింగ్ 12 గంటల రేసు, మళ్లీ మెక్‌డోనల్డ్, హోల్‌బర్ట్ జోడీనే, ఈసారి జీటీ క్లాస్ ఫస్ట్, మొత్తం మీద 4వ స్థానం. ముందున్న మూడూ ఫెరారీ ప్రోటోటైపులు, అంటే కేవలం రేసు కోసమే కట్టినవి, అవి వేరే క్లాసు, వాటితో పోటీ లేదు. వెనక 5, 6 స్థానాల్లో కూడా కోబ్రా రోడ్‌స్టర్లే, జీటీఓలు వాటి తర్వాత.

మెక్‌డోనల్డ్ గురించి ఒక్క మాట. ఈ కారుని మొదట గెలిపించిన ఈ కుర్రాడు ఇంకో రెండు నెలలకే, మే 30న, ఇండియానపొలిస్ 500 రేసులో జరిగిన ఘోరమైన మంటల ప్రమాదంలో చనిపోయాడు. వయసు 27. డేటోనా కూపే గురించి మాట్లాడేటప్పుడు అందరూ షెల్బీ, బ్రాక్, మైల్స్ అంటారు, ఇతని పేరు జారిపోతుంది, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

స్పా, లే మాన్ సంగతి?

బెల్జియంలో స్పా 500 కిలోమీటర్ల రేసు, మే నెల, డ్రైవర్ ఫిల్ హిల్, 1961 ఎఫ్1 ప్రపంచ చాంపియన్. స్పా అప్పట్లో ఊళ్ల మధ్య పబ్లిక్ రోడ్లు, వేగమైన వంపులు. ప్రాక్టీస్‌లో హిల్ వచ్చి బండి వెనక భాగం తేలిపోతోంది, స్పీడ్‌లో పట్టు ఉండట్లేదు అన్నాడు. నిజానికి బ్రాక్ మొదట్లోనే వెనక కదిలే రెక్క లాంటిది గీసి పెట్టాడు, టైం లేదని వదిలేశారు. ఇప్పుడు అక్కడికక్కడే అల్యూమినియం రేకు కోసి వంచి వెనక అంచు మీద రివెట్లు కొట్టారు. అంతే, బండి కుదుటపడింది, హిల్ జీటీ లాప్ రికార్డు కొట్టాడు. ఆ తర్వాత నుంచి డేటోనా కూపేలన్నిటికీ ఆ స్పాయిలర్ ఉంటుంది. రేసులో మాత్రం పెట్రోల్ సరఫరా దగ్గర అడ్డంకి వచ్చి పిట్‌లోకి మళ్లీ మళ్లీ రావాల్సొచ్చింది, వెనకబడిపోయాడు.

లే మాన్, జూన్ 20-21. ఈసారి రెండు కూపేలు. మన 2287లో క్రిస్ ఏమన్, యోఖెన్ నీర్‌పాష్, రెండోది 2299లో డాన్ గర్నీ, బాబ్ బాండ్యురంట్. రాత్రి మన కారు బాగానే పోతోంది, ఆల్టర్నేటర్ పోయింది, బ్యాటరీ దిగిపోయింది, పిట్‌లో బయటి బ్యాటరీతో స్టార్ట్ చేశారు. అది రూల్‌కి విరుద్ధం, డిస్‌క్వాలిఫై. పొద్దున్న మన బండి స్టార్ట్ కాకపోతే పక్కింటాయన బండి నుంచి కేబుల్ వేసి లాగించినట్టే, లే మాన్‌లో మాత్రం అది నేరం. 2299 మాత్రం చివరిదాకా వెళ్లి జీటీ క్లాస్ గెలిచింది, మొత్తం మీద 4వ స్థానం.

ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచింది ఈ కారేనా?

ఈ మోడల్ గెలిచింది, ఈ ఒక్క కారు కాదు. 1964లో చాలా దగ్గరికొచ్చారు, చివర్లో ఇటలీలో మోంజా రేసు రద్దవడంతో ఫెరారీకే దక్కింది. ఆ రద్దు వెనక ఫెరారీ 250 ఎల్ఎం అనే కారుని జీటీగా ఒప్పుకోలేదన్న గొడవ ఉంది, షెల్బీ మనుషులు దాన్ని ఎప్పటికీ మర్చిపోలేదు. 1965లో కూపేలని ఇంగ్లండ్‌లో అలన్ మాన్ టీమ్ చూసుకుంది, ఆ ఏడాది జూలై 4న, అంటే సరిగ్గా అమెరికా స్వాతంత్ర్య దినం రోజున, ఫ్రాన్స్‌లో రీమ్స్ దగ్గర బాండ్యురంట్ ఉన్న కూపే జీటీ గెలవడంతో టైటిల్ ఖాయమైంది. అమెరికన్ కంపెనీకి ఈ టైటిల్ రావడం అదే మొదటిసారి.

బోన్నెవిల్ ఉప్పు మైదానంలోకి ఈ కారు ఎందుకెళ్లింది?

ఇది భలే విషయం. 1965 నవంబర్, క్రెయిగ్ బ్రీడ్‌లవ్ తన జెట్ కారుతో ల్యాండ్ స్పీడ్ రికార్డుకి యూటా రాష్ట్రంలో బోన్నెవిల్‌కి వచ్చాడు, నవంబర్ 15న గంటకి 600 మైళ్లు దాటేశాడు. అతని వెనక ఉన్నది గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీ, పోటీలో ఉన్నది ఫైర్‌స్టోన్. మైదానం గుడ్‌ఇయర్ పేరు మీద బుక్ అయి ఉంది, ఖాళీగా వదిలితే పోటీవాళ్లు వచ్చి రికార్డు ఎగరేసుకుపోతారు, అందుకని ఆ రోజుల్లో ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి. షెల్బీకి ఫోన్ వెళ్లింది, అక్కడ రేసులు అయిపోయి మూలనున్న 2287ని పంపించాడు. సీట్ల బస్సులో రుమాలు వేసి ఆపుకున్నట్టు ఆపారన్నమాట.

ఆ రుమాలే పోయి 20కి పైగా రికార్డులు కొట్టుకొచ్చింది. బ్రీడ్‌లవ్, బాబీ టాట్రో వంతులవారీగా ఉప్పు మీద పెద్ద రౌండులో గంటల తరబడి నడిపారు, 12 గంటల పాటు సగటు గంటకి 150 మైళ్లు. సర్వీసు చేసి పంపిన కొత్త కారు కూడా కాదు, అలిసిపోయిన రేసు బండి.

అంత పేరున్న కారుని ఎందుకు అమ్మేశారు? ఎంతకి?

ఎందుకంటే అప్పటికి దానికి పేరు లేదు, పని అయిపోయిన పాత రేసు కారు, అంతే. షెల్బీ అప్పటికే ఫోర్డ్ జీటీ40 పనిలో మునిగిపోయి ఉన్నాడు, కూపేలు షెడ్‌లో చోటు తినేస్తున్నాయి. 4,500 డాలర్లు అని చెప్తారు. కొన్నది స్లాట్ కార్లు, అంటే పిల్లలు ట్రాక్ మీద కరెంటుతో నడిపే బొమ్మ కార్లు చేసే రస్‌కిట్ అనే కంపెనీ అధినేత. ఆయన కొన్నాళ్లు ఉంచుకుని పాటల ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్‌కి అమ్మేశాడు.

ఫిల్ స్పెక్టర్ నిజంగానే దీన్ని రోడ్డు మీద నడిపాడా?

నడిపాడు. 1960ల్లో అమెరికాలో హిట్ పాటల నిర్మాత అంటే ఆయనే, వాల్ ఆఫ్ సౌండ్ అని ఆయన రికార్డింగ్ పద్ధతికి పేరు. (2003లో ఆయన ఇంట్లో ఒక నటి హత్య, తర్వాత జైలు, 2021లో ఖైదీగానే చనిపోవడం, అది వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు.)

ఒకసారి ఊహించుకోండి, మఫ్లర్ అంటే పేరుకే, సైడ్ పైపులు డోర్ కిందే, ఇంజన్ వేడి అంతా క్యాబిన్‌లోకి, అద్దాలు సరిగ్గా దిగవు, ఏసీ అన్న మాటే లేదు, క్లచ్ రాయిలా ఉంటుంది, దీంట్లో లాస్ ఏంజిలిస్ ఎండలో సిగ్నల్ దగ్గర ఆగాలి. పైగా స్పీడ్ టికెట్లు వరసపెట్టి పడ్డాయట, లాయరే కారు వదిలించుకోమన్నాడని చెప్పుకుంటారు. తుక్కు కింద అడిగితే 800 డాలర్లు ఇస్తామన్నారని, అప్పుడు ఆయన బాడీగార్డ్ నేనే వెయ్యి ఇస్తాను అని తీసుకున్నాడని అందరూ చెప్పే కథ. కాగితాలు లేకపోవడం వల్ల ఈ లావాదేవీ మీద కూడా తర్వాత కొట్లాట నడిచింది.

ముప్పై ఏళ్లు గదిలో ఎలా ఉండిపోయింది?

బాడీగార్డ్ నుంచి కారు ఆయన కూతురి దగ్గరికి వచ్చింది. ఆవిడ కొన్నాళ్లు నడిపారు కూడా, తర్వాత 1970ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో ఒక అద్దె స్టోరేజ్ గదిలో పెట్టి తాళం వేశారు. పాత కార్లు సేకరించే కలెక్టర్లు వాసన పట్టి వెళ్లారు, ఆవిడ కాదన్నారు. స్వయంగా షెల్బీ అడిగినా ఇవ్వలేదు. కారు తన దగ్గరుందని కూడా చాలామందికి చెప్పేవారు కాదు. ఆరు కూపేల్లో ఐదు ఎక్కడున్నాయో లోకానికి తెలుసు, మొదటిది మాత్రం మాయమైపోయింది, చేతులు మారిందని, తుక్కయిపోయిందని రకరకాల పుకార్లు.

ఆవిడకి పిచ్చి అన్నట్టు రాస్తారు చాలాచోట్ల. నాకు అది నచ్చదు. ఆవిడ వస్తువు, ఆవిడ ఇష్టం, అద్దె కట్టుకున్నారు, ఎవరికీ అమ్మలేదు. మనిళ్లల్లో తాతగారి అంబాసిడర్ షెడ్‌లో టార్పాలిన్ కింద ఉంటే, కొనడానికి వచ్చినవాళ్లని గేటు దగ్గరే పంపించేసే అత్తయ్యలు లేరా ఏంటి.

మరి 2000లో ఏమైంది?

ఆ ఏడాది అక్టోబర్‌లో ఆవిడ ఆత్మహత్య చేసుకున్నారు. ఆ వివరాల్లోకి నేను వెళ్లను. వారసురాలు తల్లి, ఆవిడ ఒక పాతకార్ల డీలర్‌కి సుమారు 30 లక్షల డాలర్లకి అమ్మారు, ఆ డీలర్ నుంచి ఫిలడెల్ఫియా న్యూరోసర్జన్ డాక్టర్ ఫ్రెడ్ సిమియోన్ దాదాపు 40 లక్షలు పెట్టి తీసుకున్నారు.

ఈలోపు చనిపోయినావిడ స్నేహితుడొకాయన కారు నాకు ముందే ఇచ్చేసింది అని కేసు వేశాడు. ఇటు నుంచి ఫిల్ స్పెక్టర్ కూడా అసలు కారు నాదేనంటూ ముందుకొచ్చాడు. వెయ్యి డాలర్ల బండిగా ఉన్నప్పుడు ఒక్కరూ రాలేదు, లక్షలు అనేసరికి అందరూ వచ్చారు. గొడవంతా అయ్యాక కారు సిమియోన్ దగ్గరే ఉండిపోయింది.

కొన్నాక సిమియోన్ పూర్తిగా రీస్టోర్ చేయించేశారా?

లేదు, ఇక్కడే అసలు విషయం. నడవడానికి కావాల్సినంత మెకానికల్ పని చేయించారు, కొత్తగా మెరిసేలా చెయ్యలేదు.

ఎందుకు అని అడిగేవాళ్లకి ఇలా చెప్తాను. రీస్టోర్ చేసేటప్పుడు ఏం చేస్తారు, పాత రంగు గీకేస్తారు, సొట్టపడిన రేకు తీసి కొత్తది వేస్తారు, అరిగిన సీటు గుడ్డ మారుస్తారు, పాత రివెట్లు పీకేస్తారు. కారు అందంగా తయారవుతుంది, కానీ 1964లో రేకు ఎలా వంచారు, ఎక్కడ సుత్తి దెబ్బ పడింది, స్పాలో హడావిడిగా ఏం చేశారు, బోన్నెవిల్ ఉప్పు ఎక్కడ తినేసింది, ఇవన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. అవి మళ్లీ తయారుచెయ్యలేం. మిగతా రేసు కార్లు ఎక్కువగా 1970, 80ల్లో ధర పెరిగినప్పుడు ఒకరి తర్వాత ఒకరు బాగుచేయించుకుంటూ, పాత కార్ల రేసుల్లో గుద్దుకుంటూ, మళ్లీ బాగుచేయించుకుంటూ వచ్చాయి. సరిగ్గా ఆ ఏళ్లల్లోనే 2287 తాళం వేసిన గదిలో ఉంది. దాన్ని కాపాడింది ఏ నిపుణుడూ కాదు, ఎవర్నీ దగ్గరికి రానివ్వని ఆ ఓనరు. ఇంత ప్రేమగా చూసుకునే కలెక్టర్ చేతిలో అప్పుడే పడుంటే ఈపాటికి బంగారంలా మెరుస్తూ, సగం కొత్త రేకులతో ఉండేది.

నేషనల్ రిజిస్టర్‌లో మొదటి కారు ఇదే అంటారు, నిజమేనా?

నిజమే. 2014 జనవరిలో అమెరికా నేషనల్ హిస్టారిక్ వెహికల్ రిజిస్టర్‌లోకి ఎక్కిన మొట్టమొదటి కారు. పాత భవనాలకీ వంతెనలకీ చేసినట్టే కొలతలు, బొమ్మలు, ఫొటోలు, చరిత్ర అన్నీ రాసి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచారు.

ఇప్పుడు దీని ధర ఎంత?

అమ్మకానికి లేదు కాబట్టి ధర లేదు. అంచనా కావాలంటే, తోటి కూపే 2601, అంటే రీమ్స్‌లో టైటిల్ ఖాయం చేసింది, 2009లో వేలంలో 70 లక్షల డాలర్ల పైన పలికింది. అప్పటి శత్రువు ఫెరారీ జీటీఓ ఒకటి 2018లో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. మధ్యలో మీరే ఏదో ఒకటి ఊహించుకోండి.

షెల్బీ, కెన్ మైల్స్ మీద వచ్చిన హాలీవుడ్ సినిమాలో ఉన్నది ఈ కారేనా?

కాదు, ఆ సినిమా ముఖ్యంగా 1966 లే మాన్, ఫోర్డ్ జీటీ40 గురించి. డేటోనా కూపే కథ దానికి ముందు అధ్యాయం.

ఎక్కడ చూడొచ్చు?

ఫిలడెల్ఫియాలో సిమియోన్ ఫౌండేషన్ ఆటోమోటివ్ మ్యూజియం, ఎయిర్‌పోర్ట్‌కి దగ్గర్లోనే. డాక్టర్ సిమియోన్ 2022లో చనిపోయారు, మ్యూజియం నడుస్తోంది. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఉండే మనవాళ్లకి కారులో గంటన్నర లోపు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లిబర్టీ బెల్ చూపించి ఇటు తీసుకెళ్లొచ్చు, నాన్నలకి గ్యారంటీగా నచ్చుతుంది. డెమో డే అని కొన్ని శనివారాల్లో కార్లని బయటికి తీసి స్టార్ట్ చేసి నడిపి చూపిస్తారు, ఏ కార్లు తీస్తున్నారో ముందే చూసుకుని వెళ్లండి. పెద్దవాళ్లుంటే చెవుల్లో పెట్టుకోవడానికి దూది పట్టుకెళ్లండి, నేను జోక్ చెయ్యట్లేదు.

చూసేటప్పుడు వెనక్కి వెళ్లి ఆ కోసేసిన తోక అంచున స్పాయిలర్ దగ్గర వంగి చూడండి. తర్వాత పైకప్పు ఎత్తు గమనించండి, మోడెనాలో చేసిన కార్లలో పైకప్పు కాస్త ఎత్తుగా ఉంటుంది, 2287ది కిందకి ఉంటుంది. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలుస్తుంది.

డేటోనా కూపే అమ్మకానికి ఉందని యాడ్ చూశాను, కొనొచ్చా?

అది రెప్లికా, అంటే నకలు కారు. మంచి రెప్లికాలు చాలా ఉన్నాయి, బ్రాక్ స్వయంగా సాయం చేసి గీసినవి కూడా ఉన్నాయి, నడుపుకోవడానికి నిజానికి అవే హాయి, ఏసీ కూడా పెట్టించుకోవచ్చు. కాకపోతే అమ్మేవాడు ఒరిజినల్ అంటే ఛేజిస్ నంబర్ అడగండి. ఉన్నవి ఆరే: 2286, 2287, 2299, 2300, 2601, 2602. వీటిలో ఏ నంబర్ చెప్పినా అది ఎవరి దగ్గరుందో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, ఏడో నంబర్ చెప్తే ఫోన్ పెట్టేయండి.